చాట్ గది తెరవడానికి ముందు

తెలుగు పాఠ్యంలోని అక్షరదోషాలను పట్టి సరిదిద్దే చిన్న పైథాన్ లైబ్రరీని (ఇతర ప్రోగ్రాములలో వాడుకునే కోడ్‌ను) నేనూ మరో ఇద్దరు మిత్రులమూ మూడేళ్లుగా నడుపుతున్నాము. ఇంతకాలం మా చర్చ, కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటులోని ఇష్యూలలోనూ (సమస్యల చర్చా పేజీలలోనూ) ఫోన్‌లోనూ సాగిపోయింది. ఈ ఏడాది కోడ్ పంపేవారు, పదాల జాబితాలు సరిచూసేవారు కలిసి పదిహేను మంది దాకా చేరడంతో, అందరూ మాట్లాడుకోవడానికి ఒక చోటు కావాలన్న మాట వచ్చింది. ఒక మిత్రుడు వెంటనే, "వాట్సాప్ గ్రూపు పెట్టేద్దాం, అయిదు నిమిషాల పని" అన్నాడు. అయిదు నిమిషాల పనే, కాదనను. కానీ ఫోన్ నంబరు లేనిదే ఖాతా తెరవలేని చోటికి ముక్కూ మొహం తెలియని వారిని రమ్మనడం నాకు నచ్చలేదు. పైగా ఇవాళ చేరినవారికి నిరుడు జరిగిన వాదన అక్కడ కనిపించదు. సున్నను ఎక్కడ పొల్లుగా మార్చాలన్న ప్రశ్నకు ఇప్పటికే నాలుగు సార్లు జవాబు రాసినవాణ్ణి కనుక, అయిదోసారి రాయకుండా ఉండడమే ఈ గదికి మొదటి ప్రయోజనం అని నాకు అనిపించింది.

నా మనసు మొదట ఐఆర్‌సీ అనే పాత ఇంటర్నెట్ చాట్ పద్ధతి వైపు పోయింది. 1988లో ఫిన్లండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ పద్ధతి మీద నాకు పాత మమకారం ఉంది. అయితే అది తెలుగుకు అంత అనువైనది కాదు. ఐఆర్‌సీలో ఒక సందేశం, దాని ముందూ వెనకా చేరే సంకేతాలతో సహా, 512 బైట్లు దాటకూడదు. ఆంగ్ల అక్షరానికి ఒక బైటు సరిపోతే, కంప్యూటర్లు అక్షరాలను భద్రపరిచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కదానికి మూడు బైట్లు పడతాయి. "స్త్రీ" అన్నది కంటికి ఒకే అక్షరం. లోపల మాత్రం మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుడిదీర్ఘం, వెరసి ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు. సందేశం హద్దు దాటినప్పుడు ముక్క ఒత్తు దగ్గర తెగినా తెగవచ్చు. అక్షరదోషాలు దిద్దే ప్రాజెక్టు చర్చలోనే ఒత్తులు ఊడిపోతే నలుగురూ నవ్విపోతారు.

అంతకంటే పెద్ద ప్రశ్న ఒకటి ఉంది: మనం మాట్లాడుకున్న మాటలు ఎవరి చేతిలో ఉంటాయి? ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు (కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచేవి) ఏళ్ల తరబడి ఆశ్రయించిన ఫ్రీనోడ్ అనే ఐఆర్‌సీ నెట్‌వర్కులో, 2021 మే నెలలో యాజమాన్య వివాదం వల్ల నిర్వాహక స్వచ్ఛంద సేవకులు మూకుమ్మడిగా తప్పుకొని లిబెరా చాట్ అనే మరో నెట్‌వర్కును స్థాపించారు. ఉబుంటు వంటి పెద్ద ప్రాజెక్టులు వారి వెంట వెళ్లాయి. అంతకు ముందే, 2020 మార్చిలో, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరును తయారుచేసే మొజిల్లా తన సొంత ఐఆర్‌సీ సర్వరును మూసి, మ్యాట్రిక్స్ అనే మరో చాట్ పద్ధతికి మారింది. స్లాక్ అనే చాట్ సేవ ఉచిత పథకంలో 2022 సెప్టెంబరు నుంచి 90 రోజుల లోపు సందేశాలే కనిపిస్తున్నాయి. మూణ్ణెల్లకు ఒకసారి జ్ఞాపకశక్తి పోయే గదిలో వ్యాకరణ చర్చ పెట్టుకోవడంలో నాకు అర్థం కనిపించలేదు. డిస్కార్డ్ అనే చాట్ సేవలో యువకులు దండిగా ఉన్నారు గాని, లోపలికి వెళ్లనిదే అక్కడి మాట కనబడదు, వెతుకులాట యంత్రాలకు చిక్కదు.

మ్యాట్రిక్స్ చివరి దాకా పోటీలో ఉంది. ఒకరి సర్వరు మీద ఇంకొకరు ఆధారపడనవసరం లేని ఆ నిర్మాణమంటే నాకు గౌరవం. కానీ సొంత సర్వరు పెట్టుకుంటే, అది అర్ధరాత్రి పడిపోయినప్పుడు లేచి నిలబెట్టేవారు మా ముగ్గురిలో ఎవరన్న ప్రశ్నకు ముగ్గురమూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాము.

చివరకు జూలిప్ అనే చాట్ ఉపకరణాన్ని ఎంచుకున్నాము. 2015లో ఓపెన్ సోర్స్‌గా విడుదలైన ఈ ఉపకరణంలో ప్రతి సందేశానికీ చానెల్ కింద ఒక అంశం పేరు ఉంటుంది. రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష నిర్మాతలూ, లీన్ అనే గణిత నిరూపణ భాషను వాడేవారూ ఇందులోనే చర్చించుకుంటారు. హైదరాబాదులో ఉద్యోగం ముగించుకొని రాత్రి తొమ్మిదికి కూర్చునే ఒకరూ, డాలస్‌లో రాత్రి భోజనం అయ్యాక కూర్చునే మరొకరూ ఒకే సమయానికి దొరకరు. వారిద్దరూ ఒకే అంశం కింద, కలగాపులగం కాకుండా, మూడు రోజుల పాటు వాదించుకోగలరు. చానెల్‌ను ఖాతా లేనివారు కూడా చదివేలా తెరిచి ఉంచవచ్చు. కావలసినప్పుడు మొత్తం చరిత్రను ఎగుమతి చేసుకోవచ్చు. ఈ చివరి సౌకర్యం లేకపోతే మిగిలినవన్నీ ఉన్నా నేను ఒప్పుకునేవాణ్ణి కాదు.

చానెళ్లు ఎన్ని అన్నదానిపై గొడవ పడ్డాము. మిత్రుడు పదకొండు రాసుకొచ్చాడు. పదిహేను మందికి పదకొండు గదులు కడితే ప్రతి గదిలో ఒకరూ, ఆయన నీడా మిగులుతారు. సందేహాలు, అభివృద్ధి, పదకోశం అన్న మూడింటితో సరిపెట్టాము. కోడ్‌కు సంబంధించిన నిర్ణయం ఏదైనా చాట్‌లో కుదిరితే, దాన్ని కుదిర్చినవారే ఆ రోజే గిట్‌హబ్ ఇష్యూలో రెండు వాక్యాలుగా నమోదు చేయాలని నియమం పెట్టాము. ప్రవర్తనా నియమావళిని తెలుగులో రాసి, ఎవరికైనా ఇబ్బంది కలిగితే విడిగా చెప్పుకోవడానికి ఇద్దరి పేర్లు అందులో చేర్చాము. ఆ ఇద్దరిలో ఒకరు మా ముగ్గురిలో లేనివారై ఉండాలని పట్టుబట్టింది నేనే, ఎందుకంటే ఫిర్యాదు మా మీదే రావచ్చు కదా.

వచ్చే ఆదివారం గది తెరుస్తున్నాము. సందేహాల చానెల్‌లో మొదటి అంశం పేరు ఇప్పటికే రాసి పెట్టాను: "సున్న, పొల్లు". పాత నాలుగు జవాబులనూ కలిపి అందులో ఒకేసారి అతికిస్తాను.