పాత ల్యాప్‌టాప్ లాగ్: స్లాష్ బూట్ నిండిన కథ

శనివారం రాత్రి

లైనక్స్ నడిచే ల్యాప్‌టాప్‌లో అప్‌డేట్ పెట్టి భోజనానికి కూర్చున్నాను. వచ్చి రీస్టార్ట్ కొడితే నల్ల తెర నిండా తెల్ల అక్షరాలు, అడుగున కెర్నెల్ పానిక్, అంటే సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ ముందుకు పోలేక ఆగిపోయింది. క్యాప్స్ లాక్ లైటు టపటపా కొట్టుకుంటోంది. డిస్క్ పోయిందేమోనని ఒకటే టెన్షన్. ముందు తెరను ఫోన్‌తో ఫోటో తీశాను. రూట్ (సిస్టమ్ ఫైళ్లు ఉండే చోటు) మౌంట్ కాలేదు, అంటే తెరుచుకోలేదు, అన్‌నోన్ బ్లాక్ సున్నా కామా సున్నా అని ఉంది. అంటే కెర్నెల్‌కి డిస్కే కనబడలేదు. డిస్క్ డ్రైవర్లు, నా ఎన్‌క్రిప్షన్ తాళం తీసే సామాను, అన్నీ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే మూటలో ఉంటాయి. మూట లేకుండానే కొత్త కెర్నెల్ బయల్దేరిందన్నమాట.

మళ్లీ ఆన్ చేసి ఎస్కేప్ నొక్కాను (పాత బయోస్ మిషన్లలో షిఫ్ట్ పట్టుకోవాలి). ఏ కెర్నెల్‌తో లేవాలో ఎంచుకునే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో పాత కెర్నెల్. పాస్‌వర్డ్ అడిగింది. హమ్మయ్య, డిస్క్ బతికే ఉంది. పడుకున్నాను.

ఆదివారం

డిస్క్ ఎంత నిండిందో చూపే డీఎఫ్ కొడితే, కెర్నెళ్లు, వాటి మూటలు ఉండే స్లాష్ బూట్ 100 శాతం. డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేస్తూ ఇన్‌స్టాల్ చేసినప్పుడు దానికి విడిగా 500 ఎంబీ ఇచ్చాను. అక్కర్లేని ప్యాకేజీలు తీసేసే ఆటోరిమూవ్ ఏనాడూ కొట్టలేదు కాబట్టి పాత కెర్నెళ్లు అలాగే పేరుకున్నాయి. ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్‌లో కొత్త వర్షన్ విఎమ్‌లైనజ్ (కెర్నెల్ ఫైల్) ఉంది, దాని జత ఇనిట్ఆర్‌డీ (ఆ మూట ఫైల్) లేదు. మూట కట్టడానికి చోటు చాలలేదు, అంతే.

ముందుగా యూనేమ్ మైనస్ ఆర్ కమాండ్‌తో ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ ఏదో కాగితం మీద రాసుకున్నాను. దాన్ని తీసేస్తే ఇక అంతే సంగతులు. మిగతావాటిలో బాగా పాతవి రెండు, ప్యాకేజీలు తీసేసే ఆప్ట్ పర్జ్ కమాండ్‌తో తీసేశాను. స్లాష్ బూట్‌లోకి వెళ్లి ఆర్ఎమ్ కొట్టి ఫైళ్లు నేరుగా చెరిపేయడం మాత్రం వద్దు. ఫైల్ పోయినా ప్యాకేజీ ఉందనే, ప్యాకేజీల పద్దు చూసే డీపీకేజీ లెక్క. ఒకసారి ఆ పని చేసి సాయంత్రమంతా పోగొట్టుకున్నాను.

తర్వాత, సగంలో ఆగిన ఇన్‌స్టాల్ పూర్తి చేసే డీపీకేజీ కాన్ఫిగర్ మైనస్ ఏ. ఈసారి మూట కట్టింది, కాస్త టైం పట్టింది. గ్రబ్ మెనూ తిరగరాసే అప్‌డేట్ గ్రబ్, ఆపైన రీస్టార్ట్. కొత్త కెర్నెల్‌తోనే లేచింది.

ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ సెట్టింగ్‌లో మాడ్యూల్స్ అనే చోట మోస్ట్ బదులు డెప్ పెడితే మూట చిన్నదవుతుంది. కానీ అప్పుడు ఈ మిషన్‌కి కావాల్సిన డ్రైవర్లే అందులో ఉంటాయి. డిస్క్ ఊడదీసి ఇంకో దాంట్లో పెట్టే అలవాటు నాది, అందుకే ముట్టుకోలేదు.

స్లాష్ బూట్ ఇప్పుడు 61 శాతం. వచ్చే వారం పని ఫ్యాన్ మోత.