సేఫ్టీ కమిటీలో నా సంతకం

మందుల ఫ్యాక్టరీలో ఆపరేటర్‌గా చేరిన కొన్నేళ్లకు నన్ను సేఫ్టీ కమిటీలో కార్మికుల తరఫు సభ్యుణ్ని చేశారు. ఎన్నిక ఏమీ జరగలేదు. హెచ్‌ఆర్ వాళ్లు జాబితా రాసి నోటీసు బోర్డుకు అంటించారంతే. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో చేర్చిన, అప్పట్లో అమల్లో ఉన్న 41-జి సెక్షన్ ప్రకారం, ప్రమాదకర ప్రక్రియలున్న చోట ఈ కమిటీ ఉండాల్సి ఉండేది. యాజమాన్యం తరఫున ఎంతమందో కార్మికుల తరఫునా అంతమంది. మా దగ్గర లెక్క సరిపోయింది. మొదటి సమావేశంలో టీ, బిస్కెట్లతో పాటు మినిట్స్, అంటే సమావేశంలో ఏం జరిగిందో రాసే కాగితాలు కూడా ముందే సిద్ధంగా ఉన్నాయి.

ఆ తర్వాత ఒకసారి అసలు విషయం వచ్చింది. మందుల రసాయనాలు కలిపే పెద్ద మూత తొట్టిని రియాక్టర్ అంటాం. దాన్ని కడగడానికి మనిషి లోపలికి దిగినప్పుడు మ్యాన్‌హోల్ దగ్గర ఒకరు కాపలా ఉంటారు. రాత్రి షిఫ్టులో రెండు రియాక్టర్లకూ కలిపి ఒక్కరినే పెడదామన్నారు. ‘‘నిర్ణయం కమిటీదే, మీరెలా అంటే అలా’’ అన్నారు ప్రొడక్షన్ మేనేజరు. షిఫ్టుకు ఎంతమంది ఉండాలో, నెలకు ఎంత సరుకు తీయాలో ఎన్నడూ మమ్మల్ని అడగని పెద్దమనిషి ఈ ఒక్కటీ మా చేతిలో పెడుతుంటే నాకు అనుమానం వచ్చింది. రేపు లోపల ఎవరైనా పడిపోతే కాగితం మీద ఉండేది మా సంతకాలే.

పైగా లోపలికి దిగేది కాంట్రాక్టు కార్మికులు. వాళ్లలో ఒక్కరూ కమిటీలో లేరు. రియాక్టర్‌లో మిగిలిపోయిన నైట్రోజన్‌కు రంగూ వాసనా ఉండవు, కానీ అది ఉన్నచోట ఆక్సిజన్ తగ్గిపోతుంది. మామూలు గాలిలో దాదాపు 21 శాతం ఉండే ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గితే లోపలికి దిగకూడదు.

దిగేవాళ్లను పిలిచి అడిగే వరకు సంతకం పెట్టనన్నాను. ‘‘వాళ్లు మన మనుషులు కారు’’ అంది హెచ్‌ఆర్. కాంట్రాక్టరు ద్వారా పనిచేసేవారూ కార్మికులేనని చెప్పే అదే చట్టంలోని నిర్వచనాన్ని జిరాక్సు తీసి ముందు పెట్టాను. ‘‘ఎందుకు తమ్ముడూ, సంతకం పెట్టేసి బయటపడు’’ అన్నాడు నా పక్కన కూర్చున్న సీనియర్. సేఫ్టీ ఆఫీసరు మాత్రం తర్వాత చాటుగా, ‘‘నేనడిగితే పనికి అడ్డం పడుతున్నానంటారు. మీరడిగితే మినిట్స్‌లోకి ఎక్కుతుంది’’ అన్నారు. ఆ మాట ఆయన సమావేశంలోనే అని ఉంటే ఇంకా బాగుండేది!

చివరికి కాంట్రాక్టు కుర్రాడొకడు వచ్చాడు. ‘‘ఆక్సిజన్ మీటరు ఇన్‌ఛార్జి గారి అల్మారాలో ఉంటుంది సార్. రాత్రిపూట తాళం దొరకదు. లోపలికి దిగడానికిచ్చే పర్మిట్ కాగితంలో ఆక్సిజన్ అంకె ముందే వేసి ఉంటుంది’’ అన్నాడు. నిజం చెప్పినందుకు అతని పని పోతే ఆ పాపం పిలిపించిన నాదే. అందుకే మినిట్స్‌లో అతని ప్రస్తావన లేకుండా, కమిటీ గమనించినట్టుగా రాయమని పట్టుబట్టాను.

ఇప్పుడు మీటరు ప్లాంటులోనే ఉంటోంది. ఒక్కో రియాక్టర్‌కు ఒక్కో కాపలా మనిషి కొనసాగుతున్నాడు. మీటరు రీడింగు కళ్లారా చూడనిదే దిగనని చెప్పే హక్కు దిగేవాడికి రాసివ్వమంటే ‘‘పరిశీలిస్తాం’’ అన్నారు. ఆ కుర్రాడు సమావేశాలకు వస్తున్నాడు, కానీ తన షిఫ్టు అయ్యాక. ఆ గంటకు కూలి ఎవరివ్వాలని అడిగితే హెచ్‌ఆర్ కాంట్రాక్టరును చూపిస్తోంది, కాంట్రాక్టరు హెచ్‌ఆర్‌ను చూపిస్తున్నాడు. వచ్చే సమావేశం ఎజెండాలో మొదటి అంశంగా దాన్నే రాయించాను.