వజూ నీళ్లు ఆరకముందే

నిన్న మగ్రిబ్ (సూర్యాస్తమయం తర్వాతి నమాజు) వేళ వజూ (నమాజుకు ముందు ముఖం, చేతులు, కాళ్లు శుభ్రం చేసుకోవడం) చేసుకుని, మోచేతుల నుంచి ఇంకా నీళ్లు కారుతుండగానే మా తొమ్మిదేళ్ల అమ్మాయి అడిగింది: "అమ్మీ, మా తరగతిలో ఎవరూ నమాజు చదవరు. నేనెందుకు చదవాలి?"

"చదవాలి కాబట్టి" అనబోయి ఆగిపోయాను. ప్రతిదానికీ కారణం అడగమని బడిలో నేర్పుతున్నారు, అది మంచిదే. ఇంట్లో నేను నోరు మూయించడం న్యాయం కాదు. ఏడేళ్లు వచ్చాక పిల్లలకు నమాజు చదవమని చెప్పాలని హదీసు (ప్రవక్త మాట) ఉంది. అలవాటు చేయడం నా చేతిలో ఉంది, నమ్మకం పుట్టించడం నా చేతిలో లేదు. ధర్మం విషయంలో బలవంతం లేదని ఖుర్ఆన్ 2వ సూరా (అధ్యాయం) 256వ ఆయత్ (వాక్యం) చెబుతోంది. 31వ సూరాలో లుక్మాన్ అనే జ్ఞాని తన కొడుకుతో మాట్లాడే తీరు నాకెంతో ఇష్టం. "నాయనా" అని పిలిచి, అల్లాహ్‌కు ఎవరినీ సాటి కల్పించవద్దంటాడు, వెంటనే ఎందుకో కూడా చెబుతాడు.

"రోజంతా ఎందరితోనో మాట్లాడతావు. ఈ కాసేపు నిన్ను సృష్టించినవాడితో మాట్లాడతావు. నీ స్నేహితుల నమ్మకం వేరు కావచ్చు, అయినా వాళ్లు నీ స్నేహితులే" అన్నాను.

కాసేపు ఆలోచించింది. "అయితే నా పక్కనే నిలబడు" అంది.

నిలబడ్డాను. సజ్దాలో, నుదురు నేలకు ఆనించినప్పుడు, తన తడి మోచేయి నా చేతికి తగిలింది.