క్వార్టర్స్ అప్పగించాం, కానీ ఒక బల్ల దగ్గర ఆగిపోయాం

నిన్న సాయంత్రం నాన్న ఖాతాలో గ్రాట్యుటీ పడింది. ఆ మెసేజ్ చూసేదాకా ఇంట్లో ఎవరికీ నిద్ర సరిగ్గా లేదు.

రైల్వేలో రిటైరయ్యాక నాలుగు నెలలు మామూలు అద్దెకే క్వార్టర్స్‌లో ఉండనిస్తారు. జబ్బో, పిల్లల చదువో కారణం చూపిస్తే ఇంకో నాలుగు నెలలు రెట్టింపు అద్దె మీద ఇస్తారు. ఇల్లు అప్పగించినట్టు కాగితం చేరేదాకా మాత్రం గ్రాట్యుటీ కదలదు. మేము మూడో నెలలోనే సామాను లారీకెక్కించాం. కరెంటు బాకీ ఏమీ లేదనే నో డ్యూస్ కాగితం ఒక్క పూటలో వచ్చింది.

క్వార్టర్స్ బాగోగులు చూసే వర్క్స్ విభాగం వాళ్లు ఇల్లు చూసుకోవడానికి వచ్చినప్పుడు మొదలైంది అసలు కథ. కుళాయిలు, తలుపులు, గడియలు అన్నీ లెక్క సరిపోయాయి. వాకిట్లో వేపచెట్టు కింద ఉన్న బల్ల దగ్గర వాళ్లలోని గుమాస్తా ఆగాడు. రెండు దిమ్మల మీద పెట్టిన పాత చెక్క స్లీపర్ అది, అంటే పట్టాల కింద అడ్డంగా వేసే దుంగ. "ఇది రైల్వే ప్రాపర్టీ. నువ్వెక్కణ్ణుంచి తెచ్చావు?" అన్నాడు.

నువ్వు! అరవై ఏళ్ల మనిషిని, నలుగురి ముందు. ముప్పై ఏడేళ్ల సర్వీసులో ఎర్ర సిగ్నల్ ఒక్కసారి కూడా దాటని డ్రైవర్ మా నాన్న. గుంతకల్లులో డ్రైవర్లు విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూమ్‌లో ఇప్పటికీ ఆయన పేరు చెబితే లేచి నిలబడేవాళ్లున్నారు. "రైల్వే సామాను ఇంట్లో పెట్టుకుంటే 1966 చట్టం కింద రైల్వే రక్షణ దళం, ఆర్‌పీఎఫ్ కేసవుతుంది తెలుసా" అని ఆయనకే పాఠం చెప్పాడు. నాన్న ఏదో చెప్పబోయి ఆగిపోయారు. చేతిలో తాళాల గుత్తి వణకడం చూశాను.

ఆ బల్ల మేము తెచ్చింది కాదు. 1994లో మేము ఆ ఇంట్లో దిగేటప్పటికే ఉంది. నాకప్పుడు ఐదేళ్లు. అర్ధరాత్రి రెండింటికి సైకిల్ బెల్లు మోగేది, "సార్, కాల్!" అని డ్యూటీకి పిలవడానికొచ్చే కాల్ బాయ్ కేకేసేవాడు. నాన్న కాల్ బుక్‌లో సంతకం పెట్టేలోపు అమ్మ స్టవ్ వెలిగించేది. నాన్న బూట్ల లేసులు కట్టుకునేది ఆ బల్ల మీదే. మేకులు పీకిన రంధ్రాల్లో నేనూ తమ్ముడూ చింతపిక్కలు దాచుకునేవాళ్లం. ఎండాకాలం తారు వాసన గౌనుకి పట్టేస్తే అమ్మ తిట్టేది. పట్టాలు కూర్చున్నచోట చెక్క మీద రెండు పల్లాలుండేవి. ఒకరోజు నాన్న ఆ పల్లాల మధ్య తాడు పరిచి, "ఐదున్నర అడుగులు. నా బండి ఎంత దూరం పోయినా ఈ వెడల్పు దాటదు" అన్నారు. బ్రాడ్ గేజ్ అంటే 1676 మిల్లీమీటర్లని బళ్లో చెప్పకముందే నాకు తెలుసు.

అలాంటి బల్లని దొంగ సొత్తు అన్నాడు. రిపోర్టు మీద సంతకం పెట్టకుండా వెళ్లిపోయాడు. తర్వాత పదకొండు రోజులు తిరిగాం. సార్ మీటింగులో ఉన్నారు, రేపు రండి, లంచ్ తర్వాత రండి. లంచ్ తర్వాత ఏ ఆఫీసుకీ వెళ్లకండి, కుర్చీలు తప్ప ఎవరూ ఉండరు. జీవితమంతా నిమిషం లెక్కన బతికిన మనిషిని బెంచీ మీద గంటలు కూర్చోబెట్టినవాళ్లని నేను క్షమించలేను.

చివరికి కాగితం అమ్మ ట్రంకు పెట్టెలో, పెళ్లి చీర కింద దొరికింది. ఇల్లు తీసుకున్నప్పటి ఇన్వెంటరీ. కార్బన్ కాపీ, మడతల దగ్గర చిరిగింది. చివరి వరుసలో "స్లీపర్ బల్ల, 1" అని ఉంది, కింద అప్పటి ఇన్‌స్పెక్టర్ సంతకం. తీసుకెళ్లి టేబుల్ మీద పెడితే గుమాస్తా, "ముందే చూపించాల్సింది కదండీ" అన్నాడు. ఈసారి "అండీ" వచ్చింది. క్షమించమన్న మాట మాత్రం రాలేదు.

క్వార్టర్స్‌లో ఉన్నవాళ్లకి నేను చెప్పేదొకటే. ఇల్లు తీసుకున్న రోజు ఇచ్చిన కాగితం బంగారంలా దాచుకోండి. ఖాళీ చేసే ముందు ప్రతి గోడకీ, ప్రతి మూలకీ ఫోటో తీసుకోండి. నోటి మాట మీద ఒక్క తాళం చెవి కూడా ఇవ్వకండి.

పొద్దున నాన్న పక్క క్వార్టర్ మామయ్యకి ఫోన్ చేశారు. డబ్బు సంగతి చెప్పలేదు. వానలొస్తున్నాయి, బల్లని కాస్త వరండాలోకి జరిపించమని అడిగారు.