అను ఫాంటులో ఇరుక్కుపోయిన పెదనాన్నగారి పుస్తకాన్ని బయటికి లాగాను

హమ్మయ్య, ఇవాళ పొద్దున ప్రెస్సు నుంచి ప్రూఫులు వచ్చాయి, ఒక్క ఒత్తు కూడా విరగలేదు. వేడి మీద ఉండగానే రాసేస్తున్నా, ఇళ్ళల్లో పాత డీటీపీ సీడీలు పెట్టుకున్నవాళ్ళకి పనికొస్తుంది.

మా పెదనాన్నగారు గుంటూరు బ్రాడీపేటలో ఉంటారు, తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. 2004లో తన వ్యాసాలు విజయవాడ ఏలూరు రోడ్డులో ఒక డీటీపీ సెంటర్లో అను అనే తెలుగు ఫాంటులో టైపు చేయించి పుస్తకం వేయించుకున్నారు. కాపీలన్నీ అయిపోయాయి, మళ్ళీ వేయిద్దాంరా అబ్బాయ్ అన్నారు. సీడీ బీరువాలో భద్రంగానే ఉంది. ఇప్పటి లాప్‌టాపుల్లో సీడీ డ్రైవ్ ఉండదు కదా, యూఎస్‌బీకి తగిలించుకునేది ఫ్రెండ్ దగ్గర తెచ్చా, కాపీ అయిపోయింది. అన్నీ పేజ్‌మేకర్ ఫైళ్ళు, పుస్తకం పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్ అది. ఇంకా పేజ్‌మేకర్ వాడుతున్న తెలిసినాయన దగ్గర తెరిపించి టెక్స్ట్ విడిగా తీయించా.

ఆ టెక్స్ట్ నోట్‌ప్యాడ్‌లో చూసి పెదనాన్నగారు కంగారుపడ్డారు, అన్నీ ఇంగ్లీషు అక్షరాలూ వాటి నెత్తిన చుక్కలూ గీతలూ. సీడీ పాడైపోయిందేమోరా అన్నారు. పాడవలేదు. అను లాంటి పాత ఫాంట్లలో కంప్యూటర్ దృష్టికి అక్కడ తెలుగే లేదు, ఇంగ్లీషు అక్షరాలకి కంప్యూటర్‌లో ఉండే నంబర్లకే తెలుగు బొమ్మలు తొడిగారంతే, ఫాంటు తీసేస్తే ఆ ఇంగ్లీషే బయటపడుతుంది. అన్ని భాషల అక్షరాలకీ వేరువేరు నంబర్లిచ్చే యూనికోడ్‌లో అలా కాదు, తెలుగుకి విడిగా 128 స్థానాలు కేటాయించారు, 'క'కి దాని నంబరు దానిదే, ఏ ఫాంటు వేసినా 'క' కానే ఉంటుంది.

అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఫ్రీగా ఉన్నాయి, పేస్ట్ చేస్తే మార్చి ఇచ్చేస్తాయి. కానీ ఆ తర్వాత కూర్చుని చదవాల్సిందే. క్రావడి కొన్నిచోట్ల పక్క అక్షరానికి అంటుకుంది. ఇంకో చిత్రం, 'కైలాసం' అని వెతికితే దొరకదు, కళ్ళ ముందు కనిపిస్తూనే ఉంది! ఐత్వం రెండు రకాలుగా ఉండొచ్చు, ఒకే గుర్తుగా గానీ, ఎత్వం పెట్టి కింది గుర్తు విడిగా తగిలించి గానీ, చూడ్డానికి రెండూ ఒకటే. ఫైండ్ రీప్లేస్‌తో అన్నీ మొదటి రకంలోకి మార్చేశా.

అసలు బాధ ప్రెస్సులో మొదలైంది. ఏ ప్రెస్సో చెప్పను, విజయవాడే. పెదనాన్నగారిని వెంటబెట్టుకుని పెన్‌డ్రైవ్ పట్టుకెళ్ళా. అక్కడి ఆపరేటర్ నా టెక్స్ట్ తీసుకెళ్ళి పేజ్‌మేకర్‌లో పేస్ట్ చేశాడు, వరసగా ప్రశ్నార్థకాలు వచ్చాయి. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ రాదండీ, అదే పని చేసే కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్ ఉంది కదా, అందులో చేయండి అన్నా. విసుక్కుంటూ ఇన్‌డిజైన్ తెరిచి పేస్ట్ చేశాడు, ఈసారి తెలుగు వచ్చింది గానీ ఒత్తులన్నీ విరిగిపోయాయి. 'ప్రభుత్వం' కాస్తా 'ప్‌రభుత్‌వం' అయింది. అప్పుడు ఓనరు వచ్చి, అంతమంది ముందు, "చూశారా మాస్టారూ, యూనికోడ్ అంటే ఇంతే, పుస్తకానికి పనికిరాదు. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళకి ఈ పనేం తెలుసండీ, మళ్ళీ అనులో కొట్టిద్దాం, పేజీకి ఇంతని మాట్లాడుకుందాం" అన్నాడు. పెదనాన్నగారు నా మొహం చూసి, వదిలెయ్‌రా, ఆయన చెప్పినట్టే చేద్దాం అన్నారు. ఒళ్ళు మండిపోయింది. చిన్నప్పట్నుంచి కంప్యూటర్ విప్పి బిగించేవాణ్ణి, పెదనాన్నగారి ముందు ఆ మాట పడాల్సి వచ్చింది.

ఇంటికొచ్చి ఆ రాత్రి పడుకోలేదు. జవాబు చాలా చిన్నది. ఇన్‌డిజైన్‌లో వరసలు పేర్చే భాగాన్ని కంపోజర్ అంటారు, మామూలుగా ఉండేది ఇంగ్లీషు లాంటి లిపుల కోసం, దానికి మన ఒత్తులు కలపడం రాదు. పారాగ్రాఫ్ ప్యానెల్ మూలనున్న మెనూలో అడోబీ వరల్డ్-రెడీ పారాగ్రాఫ్ కంపోజర్ అని ఉంటుంది, టెక్స్ట్ అంతా సెలెక్ట్ చేసి అది నొక్కండి, అంతే. ఇన్‌డిజైన్ సీఎస్6 నుంచే ఉంది ఇది! మర్నాడు వెళ్ళి ఆపరేటర్ పక్కన నిలబడి నొక్కించా, పేజీ మొత్తం ఒక్కసారిగా సర్దుకుంది. ఓనరు ఏమీ అనలేదు. ఆపరేటర్ మాత్రం పాపం ఇంకోసారి చూపించమని అడిగి చీటీ మీద రాసుకున్నాడు, మంచి కుర్రాడు.

ఫాంట్లకి డబ్బులు పెట్టకండి, మండలి, రామరాజ, సూరన్న, ఎన్టీఆర్ అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. మేము పుస్తకానికి మండలి వేశాం, చదవడానికి హాయిగా ఉంది.

డీటీపీ చేయించుకునేవాళ్ళు పీడీఎఫ్ ఒక్కటే తీసుకుని వచ్చేయకండి, యూనికోడ్ టెక్స్ట్ ఫైలు కూడా అడిగి తీసుకోండి. ఫైలు ఇవ్వం అనేవాళ్ళున్నారు, మళ్ళీ తమ దగ్గరికే రావాలని. డబ్బులిచ్చింది మనం, రాసింది మన పెద్దవాళ్ళు, ఇవ్వకపోవడమేంటి? ఆ మాట అడ్వాన్స్ ఇచ్చే ముందే అనండి.

సీడీలో రెండు వ్యాసాలు లేవు, అచ్చు పుస్తకంలోనే ఉన్నాయి. వాటిని ఫోన్‌తో ఫొటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అక్షరాలు గుర్తుపట్టి టెక్స్ట్ ఇచ్చింది, వెలుతురు బాగున్న పేజీలకి తప్పులు తక్కువ. కొత్త ముందుమాట మాత్రం పెదనాన్నగారే కొడతానంటున్నారు. విండోస్ 10కి 2019లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ వచ్చింది, పలికినట్టే ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడుతుంది, విండోస్ మీటా స్పేసూ కలిపి నొక్కితే భాష మారుతుంది. నిన్న సాయంత్రం చూపించా, మొదటి పేరా అయిపోయిందట.