యొర్దానులో దిగాక ఏం చేయాలి?

మా పాస్టర్ గారితో బృందంగా యేసు తిరిగిన చోట్లు చూడ్డానికి వెళ్లాం. గలిలయ సరస్సు ఒడ్డున ఉన్న కపెర్నహూముకు వచ్చినవాళ్లందరినీ ముందుగా యేసు శిష్యుడు పేతురు ఇంటికే తీసుకెళ్తారు. ఇల్లంటే ఇప్పుడు మిగిలింది నల్లరాతి గోడల మొదళ్లే. ఐదో శతాబ్దంలో వాటి మీద ఎనిమిది కోణాల చర్చి కట్టారు. అదీ పోయాక, ఆ శిథిలాలకు తగలకుండా స్తంభాల మీద 1990లో ఇంకో చర్చి లేపారు. నేల మధ్యలో గాజు వేశారు, అందులోంచి తొంగిచూస్తే కింద పాత గది కనబడుతుంది. ఈ కొత్త చర్చి నాకు పెద్దగా నచ్చలేదు. పాత గోడల మీద పడాల్సిన ఎండంతా అదే తీసుకుంటోంది.

నేను చూడాలనుకున్నది మత్తయి శిష్యుడు కాకముందు కూర్చున్న సుంకపు మెట్టు, అంటే సుంకం వసూలు చేసే చోటు. అదెక్కడుండేదో ఆనవాలు లేదని గైడ్ చెప్పాడు. కపెర్నహూము అప్పట్లో హేరోదు అంతిప పాలించే గలిలయ అంచున ఉన్న ఊరు. అవతల అతని సోదరుడు ఫిలిప్పు ప్రాంతం మొదలయ్యేది. ఇటు నుంచి అటు పోయే సరుకు మీద సుంకం పడేది. రోమా కాలపు సుంకం పద్ధతి అందరికీ తెలిసిందే: పైవాళ్లకు కట్టాల్సింది కట్టేసి, ఆపైన జనం దగ్గర ఎంత గుంజితే అంత మిగుల్చుకోవడం. యేసు పిలవగానే మత్తయి ఆ వసూళ్ల బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చేశాడు. ఇంట్లో గొప్ప విందు చేసి, తనలాంటి సుంకరులందరినీ పిలిచాడు. అతను లేచిన చోటు ఇక్కడే ఎక్కడో ఉండాలి. యాత్రికులు మాత్రం ఆ ఊసే లేకుండా తెల్లరాతి సమాజమందిరం దగ్గర ఫొటోలు దిగి వెళ్లిపోతారు. ఆ మందిరమేమో యేసు కాలం తర్వాత ఎప్పుడో కట్టింది, దాని కింద ఉన్న నల్లరాయి పునాదే పాతది.

అక్కడికి దగ్గర్లోనే తబ్గా. సరస్సు ఒడ్డున 1933లో కట్టిన చిన్న నల్లరాతి ప్రార్థనాలయం, లోపల నేల మీదికి పొడుచుకొచ్చిన ఒక బండ. పునరుత్థానం తర్వాత యేసు శిష్యులకు చేపలు కాల్చి పెట్టింది ఈ బండ మీదే అంటారు. ఇదేనా కాదా అన్నది పక్కన పెట్టి, నేను బయటికొచ్చి నీళ్ల దగ్గర కూర్చుని యోహాను సువార్త 21వ అధ్యాయం చదువుకున్నాను. ఆ కథలో నన్నెప్పుడూ ఆపే చోటొకటుంది. యేసును పట్టుకున్న రాత్రి, ప్రధాన యాజకుని ముంగిట్లో ఆయనెవరో తెలియదని పేతురు బొంకింది బొగ్గుల మంట దగ్గర. ఇక్కడ ప్రభువు వేసి ఉంచిందీ బొగ్గుల మంటే. మూడుసార్లు బొంకినవాణ్ణి మూడుసార్లు అడిగాడు. ఎందుకలా చేశావని కాదు, ఆ రాత్రి ఏడ్చావా అని కాదు. నన్ను ప్రేమిస్తున్నావా అని. జవాబు వచ్చిన ప్రతిసారీ ఒక పని అప్పజెప్పాడు, గొర్రెలను కాయమని.

మన ఉజ్జీవ కూటాల్లో ఏడుపుకి ఇచ్చే చోటు ఇలా అప్పజెప్పిన పనికి ఇవ్వం. ఏడవడం తప్పని కాదు. పేతురూ వెక్కి వెక్కి ఏడ్చాడు. కానీ సాక్ష్యం చెప్పేటప్పుడు మనం ఏడ్చిన రోజు దగ్గరే ఆగిపోతాం, మరుసటి రోజు ఏం చేశామో ఎవరూ అడగరు.

సరస్సులోంచి యొర్దాను బయటికొచ్చేచోట యర్దెనీత్ అనే బాప్తిస్మపు రేవు ఉంది. 1981 నుంచి ఉంది. మెట్లు, కడ్డీలు, అద్దెకు తెల్ల అంగీలు, అన్నీ బాగా అమర్చారు. మా పాస్టర్ గారు అక్కడ ఆగలేదు. దిగితే యోహాను యేసుకు బాప్తిస్మం ఇచ్చిన చోటే దిగుదామన్నారు. దాంతో బస్సు లోయ వెంట దక్షిణంగా సాగింది. దారి పొడవునా భూమి సముద్రమట్టానికి కిందే ఉంటుంది. గలిలయ సరస్సే 200 మీటర్లకు పైగా కింద, అక్కణ్ణుంచి ఇంకా దిగుతూ పోవడమే. చెవులు మూసుకుపోయాయి. మా బృందంలో సగం మంది నిద్రపోయారు.

ఆ చోటి పేరు కస్ర్ అల్-యహూద్. అక్కడికి వెళ్లే దారి వేరే లోకం. రెండు వైపులా ముళ్లకంచె, దాని మీద మందుపాతరలున్నాయని హెచ్చరించే పసుపు బోర్డులు. 1967 యుద్ధం తర్వాత ఈ ఒడ్డంతా సైనిక ప్రాంతమైపోయింది. ఇక్కడున్న మఠాలు, ప్రార్థనాలయాలు మూతబడ్డాయి, వాటి చుట్టూ మందుపాతరలు పాతారు. 2011లో యాత్రికులకు రోజువారీగా తెరిచారు. 2018లో మందుపాతరలు ఏరడం మొదలుపెట్టారు. ఫ్రాన్సిస్కన్ సన్యాసులు తమ ప్రార్థనాలయంలో మళ్లీ ఆరాధన జరుపుకున్నది 2021 జనవరిలో, అర్ధశతాబ్దం దాటాక. శాంతి సువార్త మొదలైన చోటికి మందుపాతరల బోర్డుల మధ్య నుంచి వెళ్లాం. పాస్టర్ గారు దీని మీద ప్రసంగం చేస్తారనుకున్నాను, ఎందుకో ఊరుకున్నారు.

నది చూసి చాలామంది నీరసపడ్డారు. పాటల్లో విన్న యొర్దాను వేరు. ఇక్కడ నది వెడల్పు కొన్ని మీటర్లే, నీళ్లు బురద రంగు. పైన ఇజ్రాయెల్, జోర్దాన్, సిరియా దేశాలు సాగుకీ తాగడానికీ మళ్లించుకోగా మిగిలింది ఇంతే. అవతలి ఒడ్డు జోర్దాన్ దేశం. నది మధ్యలో నీళ్ల మీద తేలే హద్దు గీత. రెండు ఒడ్డుల మీదా తుపాకులతో కాపలా. అటువైపున్న బాప్తిస్మ స్థలం అల్-మగ్తస్‌ను యునెస్కో 2015లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కుష్ఠు పోవాలంటే ఈ నదిలో మునగమన్నప్పుడు సిరియా సేనాధిపతి నయమాను కూడా ఇలాగే మొహం చిట్లించాడు, దమస్కు నదులు దీనికంటే మంచివి కావా అని. చివరికి మునిగి బాగుపడ్డాడు. ఆ కథ గుర్తుకొచ్చి నాకు కాస్త ధైర్యమొచ్చింది.

దిగే ముందు పాస్టర్ గారు ఒక మాట తేల్చి చెప్పారు. "ఇది మళ్లీ బాప్తిస్మం కాదు. బాప్తిస్మం ఒక్కటే. మీ మీ సంఘాల్లో తీసుకున్నారు, అది చాలు. ఇక్కడ చేసేది తీర్మానాన్ని గుర్తు చేసుకోవడం, పునరంకితం, అంతే." తర్వాత లూకా సువార్త మూడో అధ్యాయం చదివారు. మారుమనస్సుకు తగిన ఫలాలు ఫలించండని యోహాను గద్దించగానే, జనం మరి మేమేం చేయాలని అడుగుతారు. ఆ ప్రశ్న అక్కడ మూడుసార్లు వస్తుంది, మూడు రకాల మనుషుల నోట. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటివ్వాలని జనానికి చెప్పాడు. నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయొద్దని సుంకరులకు చెప్పాడు. ఎవరినీ బెదిరించి డబ్బు లాక్కోవద్దు, జీతంతో తృప్తి పడండని సైనికులకు చెప్పాడు. సైనికులనగానే మాలో కొందరి చూపు అవతలి ఒడ్డుకి పోయింది.

ఎన్నోసార్లు విన్న భాగమే. కానీ అక్కడ నిలబడి వింటే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడింది. మూడు జవాబుల్లో ఒక్కదాంట్లోనూ ఉపవాసం గురించి లేదు, ప్రార్థన గురించీ లేదు. బట్టలు, లెక్కలు, జీతం. ఉద్యోగం మానేయమని కూడా అనలేదు. మత్తయి బల్ల వదిలేసి వచ్చాడు సరే, యోహాను వీళ్లను మాత్రం అదే బల్ల దగ్గర న్యాయంగా కూర్చోమన్నాడు. ఈ రెండోది ఎక్కువ కష్టమని నా లెక్క. వదిలేసినవాడికి ఒక్క రోజే పరీక్ష, కూర్చున్నవాడికి రోజూ పరీక్షే.

దాదాపు అందరూ దిగారు. నీళ్లు చల్లగా ఉన్నాయి. పాట అందుకున్నారు, కొందరు ఏడ్చారు, ఒకావిడ తన ఫోన్ ఎవరికో ఇచ్చి మునిగేటప్పుడు వీడియో తీయమంది, సరిగ్గా రాలేదని ఇంకోసారి మునిగింది. నవ్వొచ్చిన మాట నిజమే గానీ, నాకూ గొంతు పట్టేసింది. మాలో దిగనిది ఒక్క పెద్దాయనే. రిటైరైన కాంట్రాక్టరు, సంఘంలో పెద్ద, చర్చి పనులకు ముందుండి చందాలిచ్చే మనిషి. మెట్ల మీద కూర్చున్నారు. ఎంతమంది పిలిచినా, "మీరు కానివ్వండి" అన్నారు. జలుబేమో అనుకున్నాం.

అక్కణ్ణుంచి యెరికో పెద్ద దూరం లేదు. పాలస్తీనా అథారిటీ కింద ఉన్న పట్టణం కాబట్టి ఇజ్రాయెలీ గైడ్ దిగిపోయాడు, ఇంకో గైడ్ ఎక్కాడు. యెరూషలేములో స్వెట్టర్లు వేసుకునే రోజుల్లో ఇక్కడ ఫ్యాన్ కింద కూర్చోవాలనిపిస్తుంది. అందుకే అంతిప తండ్రి హేరోదు రాజు చలికాలపు భవనాలు ఇక్కడ కట్టించుకున్నాడు. ఇక్కడి ఖర్జూర తోటలూ సుగంధతైలమిచ్చే మొక్కలూ అప్పట్లో ఎంత విలువైనవంటే, రోమా సేనాని ఆంటోనీ వాటిని ఈజిప్టు రాణి క్లియోపాత్రాకు ఇచ్చేస్తే హేరోదు ఆమె దగ్గర గుత్తకు తీసుకుని సాగించుకున్నాడు. దానికితోడు యొర్దాను అవతలి నుంచి వచ్చే సరుకంతా ఈ దారినే పోవాలి. సుంకపు గుత్తదారుడికి ఇంతకంటే లాభసాటి ఊరు దొరకదు. ఇక్కడి సుంకరుల పెద్ద జక్కయ్య ధనవంతుడని లూకా ఊరికే రాయలేదు.

పొట్టివాడైన జక్కయ్య యేసును చూడ్డానికి ఎక్కింది ఇదేనని చూపించే మేడిచెట్లు యెరికోలో ఒకటికంటే ఎక్కువే ఉన్నాయి. మేం చూసింది రోడ్డు పక్కన కంచె వేసి ఉన్నది. రెండు వేల ఏళ్లదంటారు, నేను నమ్మను. కానీ కొమ్మలు చాలా కిందనుంచే మొదలయ్యాయి, పొట్టివాడు కూడా సులువుగా ఎక్కేయొచ్చు. ఆ మాట మాత్రం నమ్మాను.

అక్కడ పాస్టర్ గారు చెప్పిన లెక్క నాకు కొత్త. ధర్మశాస్త్రం ప్రకారం తప్పు ఒప్పుకున్నవాడు అసలు, దానిమీద ఐదోవంతు కలిపి ఇస్తే చాలు, సంఖ్యాకాండంలో ఉంది. జక్కయ్య మాత్రం అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగు రెట్లు ఇస్తానన్నాడు. ఆ నాలుగు రెట్లన్నది గొర్రెను దొంగిలించి, కోసుకోవడమో అమ్ముకోవడమో చేసిన దొంగకు వేసే శిక్ష. ఎవరూ అడక్కుండానే, విచారణ లేకుండానే, జక్కయ్య తనకు దొంగ శిక్ష వేసుకున్నాడు. అదీ ఆస్తిలో సగం బీదలకు ఇచ్చేస్తానన్న తర్వాత. యేసు ఆ ఇంటికి రక్షణ వచ్చిందని చెప్పింది ఈ మాటలు విన్నాకే.

యెరూషలేముకు బస్సు ఎక్కుడు దారి పట్టింది. వెయ్యి మీటర్ల పైచిలుకు ఎక్కాలి. మంచి సమరయుని కథ జరిగిన దారి ఇదే. అప్పుడు కాంట్రాక్టరు పెద్దాయన లేచి ముందుకొచ్చి, పాస్టర్ గారి పక్క సీట్లో కూర్చున్నారు. నేను వెనక సీటులోనే ఉన్నాను. వినకూడదనుకున్నా వినబడింది.

"ఆ ఐదోవంతు సంగతి, మనిషి చనిపోతే ఎలాగండీ?"

పాస్టర్ గారు బైబిలు తెరిచి సంఖ్యాకాండం ఐదో అధ్యాయం చూపించారు. ఇవ్వాల్సిన మనిషి లేకపోతే, తీసుకోవడానికి అతని బంధువు కూడా లేకపోతే, అది దేవుడిది, యాజకుడికి చేరుతుంది.

"అంటే చర్చికి ఇచ్చేస్తే సరిపోతుందన్నమాట. ఇప్పటికే చాలా ఇచ్చాను పాస్టర్ గారూ, ఆ లెక్కలోనే వేసుకున్నాను."

"ఆయనకు ఎవరూ లేరా అన్నగారూ?"

పెద్దాయన వెంటనే పలకలేదు. "పార్ట్‌నర్ అండీ. పోయి చాలా ఏళ్లయింది. ఒక కూతురుంది."

"కూతురుంటే ఈ వచనం మీకు వర్తించదు. చర్చి తీసుకోవడానికి లేదు."

"అప్పటి లెక్కలు ఇప్పుడెవరి దగ్గరున్నాయి పాస్టర్ గారూ?"

"మీ దగ్గర లేవా?"

పెద్దాయన ఫోన్ తీసి, అందులో లెక్కలు వేసుకోవడం మొదలుపెట్టారు. కాసేపటికి, ఐదోవంతు అసలు మీదేనా, వడ్డీ కూడా కలపాలా అని అడిగారు. ముందు ఆ అమ్మాయికి ఫోన్ చేయండి, వడ్డీ సంగతి ఆమెనే అడుగుదాం అన్నారు పాస్టర్ గారు. నంబరు తన దగ్గర లేదని, కొడుకు దగ్గర ఉండొచ్చని చెప్పి, ఆయన ఇంటికి కాల్ కలిపారు.