నాయన కంప్యూటరు, నేను పూడ్చేసిన పాతర

ఆదివారం. పొద్దున ఉగ్గాని చేశాను, బజ్జీలు మాత్రం వీధి చివర బండి దగ్గర తెచ్చుకున్నాం. తిని ప్లేట్లు కూడా తీయలేదు, ముందు గదిలోంచి నాయన పిలుపు. "పాపా, మళ్ళా అదే వచ్చింది చూడు."

పోయి చూస్తే అదే పసుపు త్రికోణం, మెమరీ చాలడం లేదు, ప్రోగ్రాములు మూసేయండి అని. మూసే లోపలే వర్డ్ తెల్లబడి బిగుసుకుపోయింది. మళ్ళీ తెరిస్తే రికవరీలో వచ్చిన కాపీ 'పల్లేరు' దగ్గర ఆగిపోయి ఉంది, ఆ తర్వాత పొద్దున్నే లేచి ఆయన టైపు చేసిన పాటిమన్ను, పాతర, పార, ఏవీ లేవు. నాయన ఏమీ అనలేదు. కళ్ళద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకుంటా కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది అనిపించింది.

ఆయన రాస్తున్నది సేద్యం మాటల పట్టిక. ఆలూరు పక్క మా పల్లెలో తన చిన్నప్పుడు వాడిన మాటలన్నీ, మేడి, నొగ, గుంటక, గొర్రు, ఒక్కోదానికి అర్థం, దొరికితే ఫోటో. రిటైర్ అయినప్పటి నుంచీ ఇదే పని. ఫోటోలు ఎక్కువయ్యే కొద్దీ ఫైలు లావెక్కింది, పక్కనే ఇంకో నాలుగు ఫోటోలు తెరిచి పెట్టుకుంటాడు, అందుకే ఈ గొడవ అనుకుని నేను కొన్ని నెలలుగా ఆయన్నే అంటున్నాను, "ఇన్ని తెరిస్తే ఎట్లా నాయనా, ఒకటి మూసి ఒకటి తెరువు" అని.

కంప్యూటరూ పాతదే. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ రెండూ కర్నూలు మీదికి వచ్చినప్పుడు మా పాత సిస్టమ్ నీళ్లలో పోయింది. ఆ తర్వాతి ఏడాది ఇల్లంతా మళ్ళీ కూడబెట్టుకుంటూ, మంచాలూ బీరువా కొన్నాక, చివర్లో అసెంబుల్ చేయించింది ఇది. 2 జీబీ ర్యామ్ (పని నడిచేటప్పుడు ప్రోగ్రాములు వాడుకునే మెమరీ), విండోస్ 7. 2020 జనవరి 14తో దానికి అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి నెట్ వైరు అప్పుడే పీకేశాను, ఇప్పుడు అది నాయన టైపింగుకే. దీనికి పట్టే పాత రకం డీడీఆర్2 ర్యామ్ కొత్తది దొరకదు, ఇప్పటి ర్యామ్ తెచ్చి పెడదామంటే స్లాటులో కూర్చోదు.

ఈ రోజు మాత్రం పట్టుబట్టి కూర్చున్నాను. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ర్యామ్ ఇంకా కొంత ఖాళీగానే ఉంది. ఖాళీ ఉంటే చాలడం లేదని ఎందుకు అంటోంది? అప్పుడు కమిట్ అనే వరస చూశాను, ప్రోగ్రాములకు ఇస్తానని విండోస్ ఒప్పుకున్న మెమరీ లెక్క అది. పరిమితి 2 జీబీ లోపే చూపిస్తోంది, అంటే ర్యామ్ ఎంతో అంతే. అక్కడ తట్టింది.

పోయిన సంవత్సరం సీ డ్రైవ్ నిండిపోయిందని ఎర్ర గీత వస్తుంటే, ఫోన్‌లో ఏదో వీడియో చూసి, పేజింగ్ ఫైల్ (విండోస్ తన కోసం డిస్క్ మీద పెట్టుకునే ఫైలు) దండగ, తీసేస్తే చోటూ మిగులుతుంది, స్పీడూ పెరుగుతుంది అంటే నమ్మి నేనే తీసేశాను. నా చేత్తోనే నో పేజింగ్ ఫైల్ అని పెట్టి, ఓ రెండు జీబీ మిగిలిందని సంతోషపడి, ఆ సంగతే మర్చిపోయాను. తర్వాత మొదలైన ప్రతి గొడవకూ నాయన్ని అన్నాను. పోయిన పేజీలు తల్చుకుంటే కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది.

ఆయనకు చెప్పాను. ప్రోగ్రాములు వాడినా వాడకపోయినా ముందే నాకు ఇంత కావాలని చోటు రాయించుకుంటాయి, ఆ రాసిచ్చినదానికంతా విండోస్ ఎక్కడో ఒక చోట జాగా చూపించాలి, ర్యామ్ చాలకపోతే హార్డ్ డిస్క్‌లో ఆ పేజింగ్ ఫైల్, అంటే పేజ్‌ఫైల్ అనే దాంట్లో చూపిస్తుంది, ప్రస్తుతం అక్కర లేని వాటిని అందులోకి తోసి, కావలసినప్పుడు తెచ్చుకుంటుంది, నేను ఆ ఫైలే లేకుండా చేశాను అని.

నాయన కాసేపు ఆలోచించి, "అంటే జొన్నల పాతర మాదిరి" అన్నాడు. "వంటింట్లో తొట్టిలో ఉండేది నెలకు. మిగతాదంతా పాతరలో. నువ్వు పాతర పూడ్చేసి, తొట్టి చాలదంటున్నావు."

నేను చెప్పిన దానికన్నా బాగుంది. పాతర గురించి ఇంకా చెప్పుకుంటూ పోయాడు. గుంత తవ్వి, అడుగునా చుట్టూ చొప్ప పరిచి, జొన్నలు పోసి, పైన బండ వేసి మన్ను కప్పుతారు. తీసేటప్పుడు బండ తీసిన వెంటనే ఎవరూ దిగరు. లోపల గాలి చెడి ఉంటుంది. దీపం కట్టి దింపుతారు, ఆరిపోతే ఇంకా కాలేదని అర్థం, కూర్చుని కాచుకోవాలి. ఆదరాబాదరా దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారంట.

డిస్క్‌కూ ఆ కాచుకోవడం ఉంది. ర్యామ్‌లో ఒక మాట వెతకడానికి సెకనులో కోటో వంతు పడుతుందనుకుంటే, తిరిగే హార్డ్ డిస్క్‌కు సుమారు వందో వంతు పడుతుంది, అంటే లక్ష రెట్లు. అందుకే పేజ్‌ఫైల్ పెడితే కంప్యూటరు పరిగెత్తదు, చేతిలో పని మాత్రం పోదు. నాయనకు కావలసిందీ అదే. ఈ ఉపాయం కొత్తదేం కాదు, 1962లో మాంచెస్టర్‌లో మొదలైన అట్లాస్ కంప్యూటర్‌లోనే ఉంది, చిన్న కోర్ మెమరీనీ (అప్పటి ర్యామ్) పెద్ద డ్రమ్మునూ (అప్పటి డిస్క్ లాంటిది) కలిపి ప్రోగ్రాముకు ఒకటే స్టోరుగా చూపించారు. నాయన అప్పుడు రెండో తరగతి, ఇంట్లో పాతర ఇంకా వాడుతున్నారు.

ముందు ఫోటోలన్నీ డీ డ్రైవ్‌కు మార్చాను, దానికే గంట పట్టింది, సీలో 11 జీబీ ఖాళీ వచ్చింది. పేజ్‌ఫైల్ కూడా డీలో పెడదామా అనుకున్నాను గానీ రెండూ ఒకే డిస్క్ ముక్కలు, స్పీడులో కలిసొచ్చేదేమీ లేదు. కంప్యూటర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్, పర్ఫార్మెన్స్ కింద సెట్టింగ్స్, మళ్ళీ అడ్వాన్స్‌డ్, అక్కడ వర్చువల్ మెమరీ, ఛేంజ్. మామూలుగా అయితే విండోస్‌కే వదిలేయడం మంచిది. కానీ సీ డ్రైవ్ మళ్ళీ నిండితే ఆ ఫైలు పెరగడానికి చోటుండదని నాకు భయం, అందుకే కస్టమ్ సైజ్ పెట్టాను. ర్యామ్‌కు ఒకటిన్నర రెట్లు అనే పాత లెక్క ప్రకారం 2048కి 3072 ఎంబీ, మొదటి గడిలోనూ రెండో గడిలోనూ అదే అంకె, ఇప్పుడే మొత్తం జాగా పట్టుకుని కూర్చుంటుంది.

ఓకే కొట్టి రీస్టార్ట్ చేస్తే ఏమీ మారలేదు. ఒక్క క్షణం టెన్షన్ వచ్చింది. అంకెలు వేశాక పక్కనున్న సెట్ అనే బటన్ నొక్కితేనే అది తీసుకుంటుంది, నేను నేరుగా ఓకే కొట్టాను. రెండోసారి సెట్ నొక్కి, రీస్టార్ట్ చేసి, కమిట్ చూస్తే పరిమితి 5 జీబీకి దగ్గరగా ఉంది.

సాయంత్రం నాయన ఫైలు తెరిచాడు, నాలుగు ఫోటోలూ తెరిచాడు. నేను వెనక నిలబడ్డాను. డబ్బా ముందున్న ఎర్ర లైటు టపటపా కొట్టుకుంది, లోపల డిస్క్ గరగరమంది, బాణం గుర్తు కొంచెం సేపు కదల్లేదు. నా చెయ్యి మౌస్ మీదికి పోతుంటే నాయన ఆపాడు. "గాలి పోనీ పాపా."

పోయింది. ఫోటో వచ్చింది. పాతర మళ్ళీ టైపు చేశాడు, ఈసారి దీపం సంగతి కూడా చేర్చాడు, పొద్దున రాసినదాంట్లో అది లేదంట. ఐదు నిమిషాలకోసారి సేవ్ చేస్తున్నాడు, నేను పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ తీశాను, ఇక రోజూ తీస్తాను. పార అయిపోయాక పాలకంకి దగ్గర ఆగి, "నువ్వు తిన్నావా ఎప్పుడైనా?" అని అడిగాడు. చేలో మంట వేసి కాల్చి, గోనెపట్టా మీద నలిపి ఇచ్చేది అవ్వ, ఊసబియ్యం అనేది, అవి కూడా ఇక్కడే రాయి నాయనా అన్నాను.

"అది 'ఊ'లో ఉంది, పోయిన సంవత్సరమే రాసినా" అన్నాడు, తల తిప్పకుండా.